జైరీకా: నాలుగు సీడీలు ఒకేసారి మోగించాల్సిన ఆల్బమ్

ప్రయోగాత్మక ఇండీ రాక్‌లో (పెద్ద కంపెనీల అండ లేకుండా వచ్చే రాక్ సంగీతంలో) ఇప్పటిదాకా విననిది ఏదైనా చెప్పమని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పే పేరు ఫ్లేమింగ్ లిప్స్ బ్యాండ్ వాళ్ల 'జైరీకా'. 1997 అక్టోబరులో వచ్చింది. వార్నర్ బ్రదర్స్ లాంటి పెద్ద కంపెనీ విడుదల చేసినదాన్ని ఇండీ అనొచ్చా అని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదన వాళ్లకే వదిలేద్దాం. అంత పెద్ద కంపెనీ ఇలాంటిదాన్ని బయటికి రానివ్వడమే అసలు వింత.

పెట్టెలో నాలుగు సీడీలు ఉంటాయి. నాలుగింటిలోనూ అవే ఎనిమిది పాటలు, అదే వరసలో, దాదాపు 45 నిమిషాలు. కానీ ఒక్కో డిస్క్‌లో పాటలోని ఒక్కో భాగమే ఉంటుంది. నాలుగు ప్లేయర్లలో నాలుగు డిస్కులు పెట్టి, ఒకేసారి ప్లే నొక్కితే, డిస్కుకి ఎడమ, కుడి రెండేసి చొప్పున, ఎనిమిది ఛానెళ్ల పాట గదిలో తయారవుతుంది. ఒక్క డిస్కే వేసి వినడమంటే నాటకంలో ఒకే పాత్రధారి మాటలు వినడం లాంటిది. మిగతావాళ్లు ఏమన్నారో మనమే ఊహించుకోవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు డిస్కులను ఎన్ని రకాలుగా కలపొచ్చో లెక్కేస్తే 15 కూర్పులు వస్తాయి. అన్నీ వినదగ్గవి కావు. నాలుగూ కలిస్తేనే ఆల్బమ్. మూడు కలిస్తే పరవాలేదు. రెండైతే కుతూహలం కొద్దీ వినొచ్చు.

నాలుగు ప్లేయర్లు ఎప్పుడూ అచ్చంగా కలిసి నడవవని బ్యాండ్‌కి తెలుసు. ఆ తేడా కూడా పాటలో భాగమనే చేశారు. దీన్ని పట్టుకుని చాలామంది "ఎలా మోగించినా ఫరవాలేదు, అదే దాని అందం" అంటారు. నేను ఒప్పుకోను. 20 మిల్లీసెకన్ల తేడా వేరు, ముప్పావు సెకను తేడా వేరు. మొదటిది పాటకు వెడల్పునిస్తుంది, రెండోది పాటను చంపేస్తుంది. ఈ ఆల్బమ్ నచ్చలేదన్నవాళ్లలో ఎక్కువమంది విన్నది ఆ రెండో రకమేనని నా అనుమానం.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే తేడాల లెక్క అక్కడే మొదలైంది. 1996లో గిటారిస్టు రోనాల్డ్ జోన్స్ బ్యాండ్ వదిలి వెళ్లాడు. గాయకుడు వేన్ కోయిన్, బేస్ వాయించే మైకేల్ ఐవిన్స్, డ్రమ్మర్ స్టీవెన్ డ్రోజ్డ్ ముగ్గురు మిగిలారు. ఇంకో గిటారిస్టుని వెతుక్కోకుండా, కోయిన్ తమ సొంతూరు ఓక్లహోమా సిటీలో పార్కింగ్ స్థలాల్లోకి కార్లను రప్పించి, ఒక్కో కారుకీ ఒక్కో క్యాసెట్ ఇచ్చి, అన్నీ ఒకేసారి మోగించే ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1997 మార్చిలో ఆస్టిన్‌లో ఒక పార్కింగ్ భవనంలోనూ ఇదే చేశారు. క్యాసెట్ వేగం మోటారు మీద, బెల్టు మీద ఆధారపడుతుంది. ఒక డెక్ ఒక్క శాతం వేగంగా తిరిగితే మూడు నిమిషాల పాటలో 1.8 సెకన్లు ముందుకు పోతుంది, శ్రుతి కూడా మారుతుంది. అంత గజిబిజిలోంచి పుట్టిన ఆలోచనని ఇంట్లో మోగించేందుకు వీలుగా సీడీల్లోకి దించారు. నిర్మాణంలో డేవ్ ఫ్రిడ్‌మన్ ఉన్నాడు. న్యూయార్క్ రాష్ట్రంలో కాసడేగా దగ్గరున్న టార్‌బాక్స్ రోడ్ స్టూడియో ఆయనదే. విడుదలైనప్పుడు సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ సమీక్షకుడు దీనికి 10కి 0.0 ఇచ్చాడు. నాలుగు స్టీరియోలు ఎక్కడి నుంచి తేవాలన్నది అతని ప్రధాన ఫిర్యాదు. ఫిర్యాదులో న్యాయముంది, మార్కులో లేదు.

సీడీ దగ్గర తేడా చాలా చిన్నది, కానీ ఉంటుంది. ప్రతి ప్లేయర్‌లోనూ ఒక క్వార్ట్జ్ గడియారం సెకనుకి 44,100 నమూనాల లెక్కన శబ్దాన్ని బయటికి పంపుతుంది. ఆ గడియారం పది లక్షలకు 50 వంతులు అటూ ఇటూ ఉండటం మామూలే. అంటే 45 నిమిషాల్లో 135 మిల్లీసెకన్లు. ఒక ప్లేయర్ ముందుకీ ఇంకోటి వెనక్కీ జరిగితే మొత్తం 270. మొదట్లో నాలుగింటినీ కలిపేసి చివరిదాకా వదిలేస్తే ఎనిమిదో పాట దగ్గర పావు సెకను ఎడం వస్తుందన్నమాట. అదే ప్రతి పాటకీ ఆపి మళ్లీ కలిపితే, ఏడు నిమిషాల పాటలో ఎక్కువలో ఎక్కువ 42 మిల్లీసెకన్లు. అందుకే మొదటి నియమం: పాట పాటకీ ఆపండి. ఎనిమిది పాటలు, ఏడు విరామాలు. ప్రతి పాట ముందూ ట్రాక్ నంబరు పలికే గొంతు వినిపిస్తుంది. అన్ని ప్లేయర్లూ ఒకే పాట మీద ఉన్నాయని తేల్చుకోవడానికి అది చాలు.

42 ఎందుకు తట్టుకోగలం, 270 ఎందుకు తట్టుకోలేం అంటే కారణం చెవిలో ఉంది. రెండు చోట్ల నుంచి వచ్చిన ఒకే శబ్దం మధ్య ఎడం సుమారు 30 మిల్లీసెకన్లు దాటనంత వరకూ మనకు ఒకే శబ్దంలా వినిపిస్తుంది, ముందు వచ్చిన వైపు నుంచే వచ్చినట్టు తోస్తుంది. అది దాటాక రెండుగా విడిపోయి ప్రతిధ్వని అవుతుంది. డ్రమ్ము దెబ్బ లాంటి పదునైన శబ్దం ఇంకా ముందే, 10 దాటగానే విడిపోవడం మొదలవుతుంది. వయొలిన్ల గుంపు, సాగదీసిన కీబోర్డు స్వరం లాంటివి 50 దాటినా ఒప్పుతాయి. ఈ లెక్క గుర్తుంటే ఏ పాట ఏ తేడాని మోస్తుందో ముందే చెప్పొచ్చు.

ఇక ఏర్పాటు. తీగతో స్పీకర్లకు కలిసిన ప్లేయర్లు నాలుగు, మనుషులు నలుగురు కావాలి. ప్లేయర్లు ఒకే రకం కానక్కర్లేదు. బూమ్‌బాక్స్, డీవీడీ ప్లేయర్, పాత కంప్యూటర్ డ్రైవ్, ఏదైనా సరే. కానీ ప్రతిదాన్నీ ముందు రోజే ఒక్కటొక్కటిగా పరీక్షించండి. చూడాల్సినవి మూడు.

ఒకటి, పాజ్‌లో ఉండగా తర్వాతి పాటకు దూకితే పాజ్‌లోనే ఉంటుందా, తనంతట తాను మోగడం మొదలెడుతుందా? కొన్ని చవక బూమ్‌బాక్సులు మొదలెట్టేస్తాయి. అలాంటిదాంట్లో పాట మొదలవగానే పాజ్ నొక్కి, వెనక్కి దూకే బటన్‌తో మళ్లీ మొదటికి తెచ్చుకోవాలి. అదీ కుదరకపోతే ఆ ప్లేయర్‌ని పక్కన పెట్టండి. రెండు, పాజ్‌లో ఎంతసేపు ఉండగలదు? కొన్ని ప్లేయర్లు కొద్ది నిమిషాల తర్వాత మోటారు ఆపేస్తాయి. మళ్లీ ప్లే నొక్కితే డిస్క్ తిరగడం మొదలై, చదవడం కుదురుకుని, పాట వచ్చేసరికి కొన్ని సెకన్లు పోతాయి. పాట మధ్య విరామంలో కబుర్లలో పడితే జరిగేది ఇదే. మూడు, జేబులో పట్టే ప్లేయర్లలో కుదుపులకు తట్టుకునే మెమరీ ఉంటే దాన్ని ఆపేయండి. ఆ మెమరీ నిండేదాకా కొన్నింటిలో పాట ఆలస్యంగా మొదలవుతుంది.

ఆలస్యాలు కొలవడానికి ఒక సులువైన దారి ఉంది. సెకనుకొక 'టక్' చొప్పున రెండు నిమిషాల ఫైలు తయారుచేసి, నాలుగు ఖాళీ సీడీ-ఆర్‌లలో రాయండి. నాలుగు ప్లేయర్లలో వేసి, పాజ్‌లో పెట్టి, లెక్కపెట్టి ఒకేసారి నొక్కండి. గది మధ్యలో ఫోన్‌తో రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే నాలుగు టక్కుల మధ్య ఎడం మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. మూడు నాలుగుసార్లు చేస్తే మనిషి తడబాటు ఏదో, యంత్రం ఆలస్యం ఏదో విడిగా తెలుస్తుంది. మనిషి తప్పు ప్రతిసారీ మారుతుంది, యంత్రం తప్పు మారదు. ఒక ప్లేయర్ ఎప్పుడూ పావు సెకను వెనకబడుతుంటే దాని దగ్గర కూర్చున్న మనిషి అందరికంటే కాస్త ముందే నొక్కాలి.

లెక్కపెట్టే పని ఒక్కరికే అప్పజెప్పండి. "మూడు, రెండు, ఒకటి, నొక్కు" అనే నాలుగు మాటలూ సమానమైన దూరంలో రావాలి. 'నొక్కు' విన్నాక నొక్కితే ఆలస్యమే. మనిషి స్పందించడానికే సెకనులో ఐదో వంతు పడుతుంది. అందుకని తాళం పట్టుకుని ఆ మాటతో పాటే వేలు దిగాలి. నలుగురూ ఒకసారి నోటితో కలిసి లెక్కపెట్టి చూసుకుంటే బాగా కుదురుతుంది. ఒక్కరే ఉన్నవాళ్లు రెండు చేతులతో రెండు ప్లేయర్లు మొదలుపెట్టి ఆ కూర్పుతో తృప్తి పడొచ్చు. ఒకే బ్రాండు ప్లేయర్లు నాలుగు పెట్టి ఒకే రిమోట్‌తో నొక్కేవాళ్లూ ఉన్నారు. చక్కగా పనిచేస్తుంది, కానీ నలుగురూ ఊపిరి బిగబట్టి నొక్కే సరదా ఉండదు.

స్పీకర్లను గది నాలుగు మూలలకీ పంచి, వినేవాళ్లు మధ్యలో కూర్చోవాలి. శబ్దం ఒక మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి అర మీటరు అటూ ఇటూ ఉన్నా కాలం విషయంలో నష్టం లేదు. బిగ్గరతనంలో మాత్రం తేడా తెలుస్తుంది. దగ్గరున్న స్పీకరు మిగతావాటిని మింగేస్తుంది. ఆ టక్కుల డిస్కులకు బదులు ఒకే హోరు శబ్దాన్ని ఒక్కో ప్లేయర్‌లో విడివిడిగా మోగించి, కూర్చునే చోట ఫోన్ యాప్‌తో కొలిచి, నాలుగింటినీ 70 డెసిబెల్స్ దగ్గరకు తెండి. నాలుగూ కలిసి మోగినప్పుడు అది 76 దాకా పెరుగుతుంది. మొదటే ఒక్కోదాన్ని 80కి పెట్టుకుంటే తర్వాత భరించలేరు. ఖాళీ గది వద్దు. గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని, డిస్కుల మధ్య తేడా కలిసిపోయి ఏది ఏదో తెలియదు. తెరలు, పరుపులు, పుస్తకాల అరలు ఉన్న గది మేలు.

స్పీకర్ల సైజుల్లో తేడా ఉంటే ఒక చిక్కు. చిన్న స్పీకర్లు 100 హెర్ట్జ్ కింద శబ్దాన్ని సరిగా ఇవ్వలేవు. ఆ మూలలో ఏ డిస్క్ పడితే దాని బేస్ మాయమవుతుంది. పాటలు మారేటప్పుడు డిస్కుల చోటు మార్చి చూడండి. అదే పాట ఇంకోలా నిలబడుతుంది. ఈ ఆల్బమ్‌ని రెండోసారి వినడానికి పెద్ద కారణం ఇదే.

పాటల్లో ఎక్కడ మొదలుపెట్టాలంటే నా ఓటు రెండో పాటకే. పేరు 'రైడింగ్ టు వర్క్ ఇన్ ద ఇయర్ 2025'. ఏడు నిమిషాలుంటుంది. 1997లో దూర భవిష్యత్తుగా పెట్టిన ఆ సంవత్సరం గడిచిపోయింది కూడా. వాయిద్యాల గుంపు ఒక్కసారిగా ఉప్పొంగి పడే పాట. సాగే శబ్దాలు ఎక్కువ కాబట్టి 50 మిల్లీసెకన్ల తేడానీ మోస్తుంది. కొత్తవాళ్ల నలుగురి చేతులూ ఇంకా కుదురుకోని దశలో ఇదే క్షేమం. ఉప్పెన ముందు ఒక మూల నుంచి మొదలై గది చుట్టూ తిరిగినట్టు అనిపిస్తే అది మీ ప్లేయర్ల ఎడమే. రికార్డులో ఆ క్రమం లేదు, ఇంకోసారి మోగిస్తే ఇంకో మూల నుంచి మొదలవుతుంది.

అసలు పరీక్ష ఏడో పాట, 'మార్చ్ ఆఫ్ ద రాటెన్ వెజిటబుల్స్'. మాటలు లేవు, డ్రోజ్డ్ డ్రమ్ములదే రాజ్యం. తేడా ఎంతుందో ఈ పాట దాచదు. 10 లోపు ఉంటే దెబ్బ లావుగా, గది మొత్తం ఒక్క డ్రమ్ములా మోగుతుంది. 20, 30 దగ్గర దెబ్బ అంచు చిట్లి, రెండు పుల్లలు ఒకదాని వెనక ఒకటి పడ్డట్టు ఉంటుంది. నాకు బాగా నచ్చేది ఈ స్థితే. ఒక పెద్ద కవాతులో వెనక వరస అర అడుగు ఆలస్యంగా నడుస్తున్న భావన. 60 దాటాక తాళం రెండు తాళాలై పోట్లాడుకుంటాయి. 150 దగ్గర ఇక వినడం అనవసరం. ఆపి మళ్లీ కలపండి. ఒక మనిషి తన ప్లేయర్‌ని మాత్రం ఒక క్షణం పాజ్ చేసి సర్దుదామని చూస్తాడు. అలా సర్దితే పది సార్లలో ఒక్కసారి కుదరొచ్చు, మిగతా అన్నిసార్లూ ఇంకా చెడుతుంది. నలుగురూ మొదటికి రావడమే తక్కువ పని.

నాలుగో పాట 'ఎ మెషీన్ ఇన్ ఇండియా' పది నిమిషాలు దాటుతుంది. అన్నిటికంటే పొడవైనది కాబట్టి గడియారాల తేడా ఎక్కువ పోగయ్యేది ఇక్కడే. నెమ్మదైన పాట కావడంతో సరిపోయింది. చివరి పాటలో కోయిన్ తన కుక్కల గురించి, వాటి బొమ్మల గురించి కథ చెబుతాడు. ముగింపులో నాలుగు వైపుల నుంచీ కుక్కలు మొరుగుతాయి. ఇక్కడ తేడా ఎంతున్నా ఫరవాలేదు, ఎక్కువుంటేనే ఇంకా గోల. ఇంట్లో నిజం కుక్క ఉంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

ఆరో పాట గురించి విడిగా హెచ్చరించాలి. 'హౌ విల్ వి నో?' లో చాలా హెచ్చు, చాలా తగ్గు పౌనఃపున్యాలు కావాలనే పెట్టారు. తల తిరగొచ్చనీ, బండి నడుపుతూ వినొద్దనీ ఆల్బమ్ మీదే హెచ్చరిక ఉంది. రెండున్నర నిమిషాలే కదా అని తేలిగ్గా తీసుకోకండి. పసిపిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ ముందే వేరే గదిలోకి పంపండి. నాలుగు ప్లేయర్ల వాల్యూమూ సగానికి తగ్గించండి. గట్టిగా పెడితే ఎడతెగని హెచ్చు స్వరం ట్వీటర్లను (హెచ్చు స్వరాలిచ్చే చిన్న స్పీకర్లను) వేడెక్కించి కాల్చగలదు. తగ్గు స్వరం చిన్న స్పీకరు కోన్‌ని దాని హద్దు దాటి ఆడిస్తుంది. తలనొప్పి మొదలైతే దాటేయండి. మొదటిసారి వినేవాళ్లు ఈ పాట వదిలేస్తే ఆల్బమ్‌కి అన్యాయమేమీ జరగదు.

ఈ రోజుల్లో సీడీ ప్లేయర్లు నాలుగు దొరకడం కష్టం కాబట్టి ఫోన్లతో వింటామనేవాళ్లే ఎక్కువ. డిస్కులను ఫైళ్లుగా మార్చుకుని నాలుగు ఫోన్లలో వేసుకోవచ్చు. ఎంపీ3 బదులు, శబ్దంలో ఏదీ కోయని ఫ్లాక్ గానీ వేవ్ గానీ వాడండి. 128 కేబీపీఎస్ ఎంపీ3 సుమారు 16 కిలోహెర్ట్జ్ పైనున్నదాన్ని కోసేస్తుంది, ఆరో పాట ఉద్దేశమే పోతుంది. ఎంపీ3 తప్పనిసరైతే నాలుగూ ఒకే ఎన్‌కోడర్‌తో (ఎంపీ3గా మార్చే సాఫ్ట్‌వేర్‌తో), ఒకే అమరికతో చేయండి. ప్రతి ఎన్‌కోడర్ పాట ముందు కొంత ఖాళీని చేరుస్తుంది, ఒక్కోటి ఒక్కోలా.

బ్లూటూత్ స్పీకర్లతో మాత్రం ఇబ్బందే. వాటిలో ఆలస్యం 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు, పైగా స్పీకరుకీ స్పీకరుకీ మారుతుంది. నాలుగూ ఒకే మోడల్ అయితే ఆలస్యాలు దాదాపు ఒకటే కాబట్టి నడుస్తుంది. గదిగదికీ ఒకే పాట వినిపించే స్మార్ట్ స్పీకర్లు కొని ఇబ్బంది పడకండి. అవి ఒకే పాటను అన్నిచోట్లా కలపడానికి చేసినవి, నాలుగు వేర్వేరు ఫైళ్లను కలపడానికి కావు.

ఎనిమిది అవుట్‌పుట్‌లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ నుంచి శబ్దాన్ని స్పీకర్లకు పంపే పెట్టె) మీ దగ్గర ఉంటే నాలుగు ఫైళ్లను ఒకే ప్రాజెక్టులో నాలుగు స్టీరియో ట్రాకులుగా పేర్చి, నాలుగు జతల స్పీకర్లకు పంపండి. గడియారం ఒక్కటే కాబట్టి జరుగుబాటు సున్నా. పాట ఎలా అల్లారో అర్థం చేసుకోవడానికి దీన్ని మించింది లేదు. ఒక్కో ట్రాక్‌ని మ్యూట్ చేస్తూ 15 కూర్పులూ నిమిషాల్లో వినొచ్చు. అయినా మొదటిసారి ఇలా వినకండి. మరీ శుభ్రంగా ఉంటుంది. ముందు నలుగురితో నాలుగు ప్లేయర్ల మీద విని, తర్వాత దీన్ని వింటే, ఏది పాటలో ఉందో ఏది మీ గదిలో పుట్టిందో విడదీయగలరు.

నాలుగింటినీ రెండు ఛానెళ్లకు కుదించి హెడ్‌ఫోన్స్‌లో వినడం చివరి దారి. కలిపే ముందు ఒక్కో ట్రాక్‌ని 12 డెసిబెల్స్ తగ్గించండి. నాలుగు డిస్కుల్లో శిఖరాలు ఒకేసారి పడితే నాలుగింతలవుతుంది, అంటే సరిగ్గా ఆ 12. తగ్గించకపోతే ఉప్పెనలన్నీ చిట్లి బరబరమంటాయి. చాలామంది విన్న కుదింపులు ఇలా చిట్లినవే. ఇది వినేసి ఆల్బమ్ మీద తీర్పు చెప్పేవాళ్లతో మాత్రం వాదించి లాభం లేదు.

నచ్చితే తర్వాత ఎటు? ఇదే కాలంలో, ఇదే ఫ్రిడ్‌మన్‌తో పని చేసి 1999లో విడుదల చేసిన 'ద సాఫ్ట్ బులెటిన్' వినండి. జైరీకాలో గది నిండా పరిచిన వాయిద్యాల గుంపుని అక్కడ రెండు స్పీకర్లలోకి ఎలా కుదించారో తెలుస్తుంది. 2011లో ఇదే బ్యాండ్ ఒక పాటని 12 ముక్కలుగా యూట్యూబ్‌లో పెట్టి, ఫోన్లన్నీ కలిపి మోగించమంది. ఇంటర్నెట్ మీద ప్రతి ఫోన్ తన బఫర్ నిండాకే మొదలవుతుంది కాబట్టి అక్కడ తేడాని అదుపు చేయడం కుదరదు. పార్కింగ్ కార్ల క్యాసెట్ల గజిబిజికి దగ్గరగా ఉంటుంది. ఒకసారి చాలు.

కొనేటప్పుడు సీడీలే తీసుకోండి. 2013లో రికార్డు షాపుల వార్షిక పండుగ రికార్డ్ స్టోర్ డేకి నాలుగు ఎల్‌పీల (వినైల్ రికార్డుల) సెట్ వచ్చింది, చూడ్డానికి బాగుంటుంది. కానీ టర్న్‌టేబుల్ వేగంలో 0.2 శాతం తేడా మామూలే. ఏడు నిమిషాల పాటలో అది 840 మిల్లీసెకన్లు. దానికి తోడు నాలుగు ముళ్లు నాలుగు చేతులతో ఒకేసారి దించాలి. సెకండ్ హ్యాండ్ సీడీ సెట్ అయితే నాలుగు డిస్కులూ నాలుగు నంబర్లవేనా, ఒకటే రెండుసార్లు వచ్చిందా చూడండి. వెలుతురులో గీతలు వెతకండి. మామూలు ఆల్బమ్‌లో ఒక గీత వల్ల ఒక క్షణం పోతుంది. ఇక్కడ ఒక డిస్క్ ఎగిరిందంటే ఆ పాట అయిపోయేదాకా అది మిగతా మూడింటితో కలవదు.